నోరు విప్పని క్లాసు, బార్టిల్బీ కథ: 11వ తరగతి డిస్కషన్ మీద ఒక కేస్ స్టడీ

న్యూజెర్సీలో ఒక పబ్లిక్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తాను. ఇక్కడ హైస్కూల్ అంటే 9 నుంచి 12 వరకు, అందులో 11వ ఏడు చాలా చోట్ల అమెరికన్ లిటరేచర్‌కే పోతుంది, వయసు చూస్తే మన ఇంటర్ ఫస్టియర్ పిల్లలే. ఈ కేసు లంచ్ అయ్యాక వచ్చే పీరియడ్‌ది, 26 మంది సెక్షన్. అల్లరి లేదు, హోంవర్క్ టైముకి ఇస్తారు, క్విజ్ పెడితే మార్కులు కూడా బానే వస్తాయి, కానీ కథ గురించి మాట్లాడండి అంటే మాత్రం నీళ్ళు నమలడమే. అయిదారుగురు మాట్లాడతారు, వాళ్ళలో ఒకడు అందరి వంతూ తనే తీసేసుకుంటాడు, మిగతావాళ్ళు ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకుని గడియారం చూస్తుంటారు.

సెక్షన్ గురించి ఇంకో ముక్క. సగానికి పైగా పిల్లల ఇళ్ళలో ఇంగ్లీష్ కాని భాషే, గుజరాతీ, స్పానిష్, తెలుగు, మాండరిన్ అన్నీ ఉన్నాయి. ఇద్దరు ఈఎస్ఎల్ క్లాసుల్లోంచి, అంటే ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకి విడిగా పెట్టే క్లాసుల్లోంచి, ఈ ఏడే బయటికొచ్చారు. ఒకమ్మాయికి ఐఈపీ ఉంది, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి స్కూలు విడిగా రాసే ప్లాన్, గ్రూప్ ముందు మాట్లాడమని ఒత్తిడి చేయొద్దని అందులో స్పష్టంగా రాసుంది. అందుకని "అందరూ తప్పకుండా మాట్లాడాలి" అనే రూల్ ఈ క్లాసులో మొదట్నుంచీ కుదిరే పని కాదు.

అసలు ఏం జరుగుతోందో తెలియాలని పక్క రూమ్ టీచర్‌ని తన ఫ్రీ పీరియడ్‌లో వచ్చి వెనక కూర్చోమన్నా. ఆవిడ చేసింది చాలా చిన్న పని. కాయితం మీద క్లాసు సీటింగ్ గీసి, ఒకరు మాట్లాడాక ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు పెన్సిల్‌తో ఒక గీత, అంతే. పీరియడ్ అయ్యాక చూస్తే గీతలన్నీ నా బల్ల దగ్గరికొచ్చి మళ్ళీ నా దగ్గర్నుంచే బయల్దేరుతున్నాయి. పిల్లల నుంచి పిల్లలకి నేరుగా పోయిన గీతలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను అడుగుతా, ఒకరు చెప్తారు, నేను "గుడ్" అంటా, ఇంకొకర్ని అడుగుతా. ఆ "గుడ్" అన్న మాటతో ఆ పాయింట్ అయిపోయినట్టే, టీచర్ ఓకే చేసేశాక ఇంక దాని మీద వాదించేదేముంది అని పిల్లలకి తెలుసు, వాళ్ళు తెలివైనవాళ్ళు.

ఇది నా ఒక్కదాని క్లాసు జబ్బు కాదు. మార్టిన్ నిస్ట్రాండ్ అనే ఆయన తన టీమ్‌తో అమెరికన్ స్కూళ్ళలో ఇంగ్లీష్ క్లాసులు గమనించి 1997లో పుస్తకం వేశాడు. అందులో అసలైన డిస్కషన్ అనదగ్గది 8వ తరగతి క్లాసుల్లో సగటున 50 సెకన్లు, 9వ తరగతిలో 15 సెకన్ల లోపు అని తేలింది. టీచర్లు అందరూ మా క్లాసులో డిస్కషన్ నడుస్తుంది అనే అనుకుంటారు, జరిగేది చాలాసార్లు ప్రశ్నా జవాబూ. ఇంకా ముందు మేరీ బడ్ రో అనే ఆవిడ, ఆవిడవి సైన్స్ క్లాసులు లెండి, ప్రశ్న అడిగాక టీచర్ ఆగేది దాదాపు ఒక్క సెకను, దాన్ని 3 సెకన్లకి లాగితే జవాబులు పొడవవుతాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా అందుకుంటారు అని చూపించింది. 3 సెకన్లే కదా అనిపిస్తుంది, 26 మంది ముందు నిలబడి ఆగి చూడండి తెలుస్తుంది.

డిస్కషన్ అనగానే ఇక్కడ ట్రైనింగ్‌లలో హార్క్‌నెస్ టేబుల్ పేరెత్తుతారు. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే ధనవంతుడు ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ అనే ప్రైవేటు బోర్డింగ్ స్కూలుకి లక్షల డాలర్లు ఇచ్చి, ఓవల్ బల్ల చుట్టూ డజను మంది పిల్లలు, వాళ్ళతో పాటే టీచర్ కూర్చునే పద్ధతి పెట్టించాడు. చాలా గొప్ప పద్ధతే, కాదనను. కానీ మాకు బల్లలు విడివిడివి, పిల్లలు డజనుకి రెట్టింపు పైన. కాబట్టి ఫిష్‌బౌల్ చేశా, అంటే లోపలి వలయంలో 13 మంది మాట్లాడతారు, బయటి వలయంలో 13 మంది వింటారు, సగంలో మారతారు.

కథగా హెర్మన్ మెల్విల్ 'బార్టిల్బీ' ఎంచుకున్నా. 1853లో ఒక మంత్లీలో రెండు భాగాలుగా వచ్చింది, ఉపశీర్షిక 'వాల్ స్ట్రీట్ కథ'. తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా: వాల్ స్ట్రీట్‌లో ఒక లాయర్, పేరు చెప్పడు, కథ చెప్పేది అతనే. ఆఫీసులో దస్తావేజులు చేత్తో నకలు రాసే గుమస్తాలు ఇద్దరు, బయటి పనులకి ఒక కుర్రాడు. కొత్తగా బార్టిల్బీ చేరతాడు, రెండ్రోజులు రాక్షసుడిలా రాస్తాడు, మూడో రోజు కాపీని సరిచూద్దాం రా అంటే "ఐ వుడ్ ప్రిఫర్ నాట్ టు" అంటాడు. కోపం లేదు, కారణం లేదు. అక్కడ్నుంచి ఒక్కో పనీ మానేస్తూ చివరికి రాయడమే మానేస్తాడు, ఆఫీసులోంచి పొమ్మన్నా పోడు, లాయరే ఆఫీసు మార్చేసుకుని పారిపోతాడు. బార్టిల్బీని టూంబ్స్ జైల్లో పెడతారు, అక్కడ తిండి మానేసి చచ్చిపోతాడు.

మాట్లాడని క్లాసుకి మాట్లాడని హీరో అని కాదు నేను పెట్టింది, అలా కలిసొచ్చింది అంతే. అసలు కారణాలు వేరే. కథ చిన్నది, ఇంట్లో రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది. కాపీరైట్ లేదు కాబట్టి నాకు కావాల్సినట్టు ప్రింట్ తీసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఇందులో ఎవరి తప్పు అనేది కథ తేల్చదు. పెద్ద పేరున్న నవలలు చాలావాటికి నెట్‌లో సమ్మరీలు, థీమ్‌లు, సింబల్స్ అన్నీ రెడీమేడ్‌గా దొరుకుతాయి, పిల్లలు అవి చదివొచ్చి అప్పజెప్తారు, ఆ అప్పజెప్పుడుకి ఎదురు మాట్లాడటానికి ఎవరికీ ఏమీ ఉండదు. ఈ కథకీ సమ్మరీలు ఉన్నాయి, కానీ "నువ్వైతే ఏం చేసేవాడివి" అనే దగ్గర సమ్మరీ చేతులెత్తేస్తుంది.

క్రోమ్‌బుక్ మీద కాకుండా కాయితం మీదే ఇచ్చా. కుడివైపు మార్జిన్ వెడల్పుగా వదిలి, ప్రతి పేరాకి నంబరు వేసి స్టేపుల్ చేశా. ఈ నంబర్ల పని చాదస్తంలా కనిపిస్తుంది గానీ మొత్తం కేసులో బాగా పనికొచ్చిన వస్తువు ఏదంటే ఇదే అంటాను. "అక్కడెక్కడో అన్నాడు కదా" అనేవాడు "ఫలానా పేరా చూడండి" అంటాడు, 26 తలలూ ఒకేసారి కాయితంలోకి దిగుతాయి, ఆ కొన్ని సెకన్ల నిశ్శబ్దం ఎవరికీ ఇబ్బందిగా ఉండదు ఎందుకంటే అందరూ వెతుకుతున్నారు. భయస్తులకి నోరు తెరవడానికి అదే సందు.

ఇండియాలో జూనియర్ కాలేజీలో చెప్పినప్పటి అలవాటు ఒకటి ఇక్కడ వాడా. మన ఇంటర్ ఇంగ్లీష్ పేపర్లో ఒక లైన్ ఇచ్చి యానొటేట్ చేయమనేవారు, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారు, దాని అర్థమేంటి అని. అక్కడ గైడ్ బట్టీ పట్టడానికి తప్ప అది దేనికీ పనికిరాలేదని తిట్టుకునేదాన్ని. ఇక్కడ అదే ఎక్సర్‌సైజు బట్టీ తీసేసి ఇచ్చా: మీకు చిరాకు తెప్పించిన రెండు లైన్లు ఏరండి, ఒక్కోదాని కింద నాలుగు లైన్లు రాయండి, అది పట్టుకునే లోపలి వలయంలోకి రావాలి. చేతిలో కాయితం ఉంటే నోరు లేవడం సులువు, చదివినా చాలు కదా, మాట్లాడినట్టే. ఐఈపీ ఉన్న అమ్మాయి తన నాలుగు లైన్లు ఫ్రెండ్ చేత చదివిస్తానంది, సరే అన్నా.

ప్రశ్న దగ్గరే ఎక్కువ ఆలోచించా. "బార్టిల్బీ ఎందుకలా చేశాడు" అని అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు, ఈ తరం పిల్లలు రెండు నిమిషాల్లో రోగం పేరు చెప్పేస్తారు. డిప్రెషన్, ఆటిజం, బర్నవుట్. పేరు పెట్టేశాక కథ అయిపోయినట్టే. అందుకే ఆ ప్రశ్న ముందే ఇంటి దగ్గర రాయించి తీసేసుకున్నా, ఆ కసి అక్కడే తీరిపోవాలి. క్లాసులో అడిగింది లాయర్ గురించి: "ఈ లాయర్ చేయాల్సినంత చేశాడా?" బోర్డు మీద కథలో ఉన్న లెక్కలు మాత్రం రాసి పెట్టా. నకలు రాసినందుకు వంద మాటల ఫోలియోకి 4 సెంట్లు. ఆఫీసు కుర్రాడికి వారానికి 1 డాలరు. వెళ్ళిపొమ్మని చెప్పేటప్పుడు బాకీ 12 డాలర్లు, పైన 20, మొత్తం 32. జైల్లో మంచి తిండి పెట్టమని వంటవాడికి ఇచ్చిన వెండి నాణేలు, ఎంతో కథలో లేదు. ఒకసారి మా ఇంటికొచ్చేయ్ అని కూడా అడుగుతాడు లాయర్, అది డబ్బు లెక్క కాదు గానీ దాన్నీ చివర్లో రాశా.

ఇంక నా సంగతి. నేను వలయంలో కూర్చోలేదు. కిటికీ కింద హీటర్ గట్టు మీద, లోపలివాళ్ళ వెనక కూర్చున్నా, వాళ్ళు నా మొహం చూడాలంటే మెడ తిప్పాలి. ముందున్నానంటే ఎవరేమన్నా నేను గంగిరెద్దులా తలాడిస్తా, అది చూసి వాళ్ళు సరిగ్గా చెప్పామో లేదో తేల్చేసుకుంటారు. అందరి వంతూ మాట్లాడే అబ్బాయికి ఆ రోజు గీతలు గీసే డ్యూటీ ఇచ్చా, మాట్లాడకూడదు, గీయాలి. మొహం మాడ్చుకున్నాడు, కానీ గీశాడు.

మొదట చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చున్నా. తర్వాత ఒకమ్మాయి "20 డాలర్లు ఎక్కువిచ్చాడు, అంతకంటే ఏ బాస్ ఇస్తాడు" అంది. ఇంకో అబ్బాయి "ఇవ్వలేదు, పేపర్‌వెయిట్ కింద పెట్టాడు" అన్నాడు, పేరా నంబరు చెప్పాడు. నిజమే, బార్టిల్బీ చెయ్యి చాపడు, లాయర్ ఆ నోట్లు బల్ల మీద బరువు కింద పెట్టేసి బయటికొస్తాడు, దారి పొడుగునా ఎంత నైపుణ్యంగా సాగనంపానో అని తనని తనే మెచ్చుకుంటాడు. "అతనికి కావాల్సింది బార్టిల్బీ బాగుపడటం కాదు, తను మంచోడు అనిపించుకోవడం" అన్నాడు ఆ అబ్బాయి. అక్కడ మొదలైంది.

మా సెక్షన్లో ఒక తెలుగబ్బాయి ఉన్నాడు, ఇండియన్ స్టోర్లో కనిపిస్తే ఆంటీ అంటాడు, క్లాసులో మిస్. అప్పటిదాకా తనంతట తను మాట్లాడింది లేదు. వాడన్నాడు: "వద్దు అనాలంటే కూడా స్థోమత ఉండాలి. మా నాన్న ఆఫీసులో అలా అంటే 60 రోజులు, అంతే." సగం మందికి అర్థం కాలేదు, ఏ 60 రోజులు అన్నారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికో, స్టేటస్ మార్చుకోవడానికో, దేశం వదలడానికో ఉండే గరిష్ఠ గడువు అది. వాడే చెప్పాడు, రెండు ముక్కల్లో. గుజరాతీ అమ్మాయి ఒకరు తలూపింది, ఆ ఇంట్లోనూ తెలిసిన లెక్కే అయ్యుంటుంది. కానీ నాకు నచ్చింది ఆ తర్వాత జరిగింది. ఎవరూ అయ్యో పాపం అనలేదు, ఒకడు ఎదురు తిరిగాడు: "బార్టిల్బీకి మాత్రం ఏముంది? రుమాల్లో మూటగట్టిన చిల్లర." అదీ కథలో ఉన్నదే. ఒక ఆదివారం పొద్దున ట్రినిటీ చర్చికి పోతూ లాయర్ ఆఫీసుకొస్తే బార్టిల్బీ అక్కడే కాపురం ఉంటున్నాడని తెలుస్తుంది, అతని బల్ల అరలో పాత చేతిరుమాల్లో ముడేసిన డబ్బు దొరుకుతుంది. మరి ఏ స్థోమత లేనివాడు వద్దు ఎలా అన్నాడు అనేది అక్కడ్నుంచి వాదన. తెలుగబ్బాయి "అందుకే చచ్చిపోయాడు" అన్నాడు. తేలలేదు. తేలాల్సిన పనీ లేదు.

రెండో సగంలో లోపలికొచ్చిన 13 మందిలో ఒకమ్మాయి వాళ్ళమ్మ పోస్టాఫీసులో పనిచేస్తుంది. కథ చివరి పేరాల్లో ఒక పుకారు వస్తుంది, బార్టిల్బీ ఇంతకు ముందు వాషింగ్టన్‌లో డెడ్ లెటర్ ఆఫీసులో చిన్న గుమస్తా అని, చేరాల్సినవాళ్ళకి చేరని ఉత్తరాలు తగలబెట్టడానికి సర్దే పని అని. సమ్మరీలన్నీ దీన్నే పట్టుకుని "అందుకే నిరాశపడ్డాడు" అని రాస్తాయి, నేనూ ఆ అమ్మాయి అదే చెప్తుందనుకున్నా. తను చెప్పింది అది కాదు. "ఆ ఉద్యోగం తను మానేయలేదు, ప్రభుత్వం మారితే తీసేశారు, ఇక్కడ రాసుంది. ఇప్పుడు మొదట్లో నాలుగో ఐదో పేరా చూడండి" అంది. కాయితాలన్నీ వెనక్కి తిరిగాయి. మొదట్లో లాయర్ తన గొప్పలు చెప్పుకుంటూ, మాస్టర్ ఇన్ చాన్సరీ అనే పదవి తనకి వచ్చిందనీ, పని తక్కువ రాబడి ఎక్కువ అనీ, కొత్త రాజ్యాంగం వచ్చి ఆ పదవినే హఠాత్తుగా ఎత్తేసిందనీ, జీవితాంతం వస్తుందనుకున్న లాభం పోయిందనీ కోపంగా వాపోతాడు. న్యూయార్క్ 1846 రాజ్యాంగం నిజంగానే చాన్సరీ కోర్టుని రద్దు చేసింది. "ఇద్దరికీ గవర్నమెంటే ఉద్యోగం తీసేసింది. ఒకడికి ఆఫీసు మిగిలింది, ఒకడికి ఏం మిగల్లేదు. లాయర్ తన గురించి ఏడవడానికి పేరా తీసుకున్నాడు, బార్టిల్బీది పుకారని చెప్పి కథ ముగించేశాడు."

ఈ కథ నేను చాలాసార్లు చదివా, చెప్పా. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. గట్టు మీద కూర్చుని నోరు మూసుకోవడం అప్పుడు నిజంగా కష్టమైంది, లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. కొడితే అదే ఆఖరి మాట అయిపోయేది. నేనేం అనలేదు కాబట్టి పక్కన కూర్చున్న అబ్బాయి "అయితే లాయర్‌కి బార్టిల్బీలో తనే కనిపించుంటాడు, అందుకే పొమ్మనలేకపోయాడు" అన్నాడు, ఇంకో అమ్మాయి కాదంది, కనిపించుంటే ఆఫీసు మార్చి పారిపోడు అంది. బెల్ కొట్టేదాకా ఇదే. ఇద్దరు ముగ్గురు కారిడార్లో కూడా వాదించుకుంటూ పోయారు.

ఆ వారమంతా స్కూల్లో "ఐ వుడ్ ప్రిఫర్ నాట్ టు" మోగిపోయింది. జిమ్ టీచర్ వచ్చి, రన్నింగ్ చేయమంటే మీ పిల్లలు ఇలా అంటున్నారు, ఏం నేర్పిస్తున్నారండీ అని అడిగారు. కథలో కూడా ఆఫీసు వాళ్ళందరికీ ఆ 'ప్రిఫర్' అంటుకుంటుంది, ముసలి గుమస్తా టర్కీ నేనా మాట వాడనే వాడనంటూనే వాడేస్తాడు, చూడమని ఆయనకి ఆ పేజీ ఇచ్చా.

మార్కులు. మాట్లాడినందుకు మార్కు, మాట్లాడకపోతే కోత, ఈ పద్ధతి మా దగ్గర చాలామంది వాడతారు, నేను వాడను. వాడితే ఏమవుతుందంటే ప్రతివాడూ "నేను తనతో ఏకీభవిస్తున్నా" అని ఒక ముక్క విసిరి మార్కు తీసుకుని కూర్చుంటాడు, గీతలు బోలెడు, మాట లేదు. నేను వేసింది మర్నాడు రాసిన ఒక పేజీకి: నిన్న క్లాసులో ఎవరో అన్న మాట ఒకటి తీసుకుని, అది మీ ఆలోచనని ఎక్కడ కదిపిందో లేదా ఎందుకు కదపలేదో, పేరా నంబర్లతో రాయండి. నోరు మెదపనివాళ్ళు ఎంత జాగ్రత్తగా విన్నారో ఇందులోనే తెలిసింది. ఈఎస్ఎల్ నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరి పేజీ సెక్షన్ మొత్తంలో బాగున్న వాటిలో ఒకటి. పేరెంట్ కాన్ఫరెన్సులో ఒక తెలుగు తల్లి "మావాడు క్లాసులో మాట్లాడడంట కదండీ, గ్రేడ్ తగ్గుతుందా" అని అడిగారు, తగ్గదండీ, వాడు రాసింది చూడండి అని పేజీ చేతికిచ్చా. ఆవిడ అక్కడే నిలబడి మొత్తం చదివారు.

గీతల కాయితం రెండోది మొదటిదానికి పక్కన పెడితే తేడా కంటికి కనిపిస్తుంది, నా వైపు గీతలు దాదాపు లేవు, మధ్యలో వల అల్లుకుపోయింది. అయినా కొన్ని పేర్ల దగ్గర ఒక్క గీత కూడా లేదు, నలుగురైదుగురు ఏమీ అనలేదు, తర్వాత చేసిన వాటిలోనూ పెద్దగా అనలేదు. ఎక్కువ మాట్లాడే అబ్బాయి మాత్రం కాయితం ఇస్తూ ఒకటి అడిగాడు: "మిస్, నేను ఉంటే ఇందులో సగం గీతలు నావే ఉండేవి కదా?" ఏమో, నువ్వే చెప్పు అన్నా. తర్వాతి డిస్కషన్లో తగ్గాడు, పూర్తిగా కాదు, వాడి స్వభావం అది.

ఇదే నమూనా అన్నిటికీ పెట్టేయొచ్చు అనుకునేవాళ్ళకి ఒక మాట. మా తర్వాతి యూనిట్, బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథ. అక్కడ "యజమాని చేయాల్సినంత చేశాడా" లాంటి రెండు వైపుల ప్రశ్న పెట్టడం డిస్కషన్ కాదు, అసహ్యం. బానిసత్వం మీద అటో ఇటో నిలబడమని పిల్లల్ని, అందులోనూ నల్లజాతి పిల్లలున్న క్లాసుని అడగకూడదు. ఫిష్‌బౌల్ కూడా పెట్టలేదు, వలయంలో 13 మంది చూస్తుండగా మాట్లాడే విషయం కాదది. నలుగురు నలుగురిగా కూర్చోబెట్టి వేరే ప్రశ్న ఇచ్చా: ఈ పుస్తకంలో డగ్లస్ ఏం చెప్పకుండా దాచాడు, ఎందుకు? 1838లో తను ఎలా తప్పించుకున్నాడో ఇందులో చెప్పడు, చెప్తే సాయం చేసినవాళ్ళకి ముప్పు, వెనక రాబోయేవాళ్ళకి దారి మూసుకుపోతుంది అని మాత్రం రాస్తాడు, ఆ వివరాలు 1881లో గానీ బయటపెట్టలేదు. పేరా నంబర్లు ఇక్కడా పనిచేశాయి, గట్టు మీద కూర్చోవడం మాత్రం కుదరలేదు, గ్రూపుల మధ్య తిరగాల్సొచ్చింది, ఒక గ్రూపులో అయితే కూర్చుని మాట్లాడాల్సొచ్చింది కూడా.

వచ్చే ఏడు కూడా బార్టిల్బీకి ప్రశ్న అదే ఉంచుతున్నా, బోర్డు మీద లెక్కలూ అవే. లాయర్ పదవి పోయిన పేరా మాత్రం నేనుగా చూపించను, స్టేపుల్ చేసిన కాయితాల్లో అది ఎలాగూ ఉంటుంది.